కీమోథెరపీలో ఉన్న బిడ్డకు అర్ధరాత్రి జ్వరం: ఇంటి గడప నుంచి మొదటి యాంటీబయాటిక్ దాకా

పిల్లల క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఏఎల్ఎల్) అనే రక్త క్యాన్సరుకు చికిత్స సుమారు రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఆ కాలంలో బిడ్డ వార్డులో గడిపే రోజుల కంటే ఇంట్లో గడిపే రోజులే ఎక్కువ కాబట్టి, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కూడా చాలాసార్లు ఇంట్లోనే, డాక్టరు పక్కన లేనప్పుడే మొదలవుతుంది. అలాంటి వాటిలో తరచుగా వచ్చేది జ్వరం. మా అమ్మాయికి ఏడో ఏట ఈ జబ్బు బయటపడింది. హైదరాబాదుకు బస్సులో ఐదు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఉంటూనే చికిత్స పూర్తి చేయించాము. ఆ అనుభవంతోనూ, వార్డులో డాక్టర్లూ నర్సులూ పదే పదే చెప్పిన మాటలతోనూ ఇది రాస్తున్నాను. మీ బిడ్డను చూస్తున్న ఆంకాలజిస్టు (క్యాన్సరు డాక్టరు) చెప్పిన అంకె గానీ మందు గానీ ఇందులో ఉన్నదానికి భిన్నంగా ఉంటే వారి మాటే పాటించండి.

ఈ జ్వరం ఎందుకు వేరు

మామూలు పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే సిరప్ పోసి రెండు మూడు రోజులు చూస్తాము. కీమో తీసుకుంటున్న బిడ్డ విషయంలో ఆ వ్యవధి లేదు. కీమో మందులు క్యాన్సరు కణాలతో పాటు ఎముకల్లోని మూలుగను కూడా అణచివేస్తాయి. అక్కడ తయారయ్యే తెల్ల కణాల్లో బ్యాక్టీరియాతో మొదట పోరాడే న్యూట్రోఫిల్స్ చాలా మందుల తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య అట్టడుగుకు పడిపోతాయి. చీము అని మనం అనేది చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు పుండు చీము పట్టదు, సూది గుచ్చిన చోటు ఎర్రబడదు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినా తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అంటే లోపల ఇన్‌ఫెక్షన్ ఉందని చెప్పడానికి ఒంటికి మిగిలిన సాక్ష్యం తరచుగా జ్వరం ఒక్కటే. ఆ బ్యాక్టీరియా బయటి నుంచే రావాలని కూడా లేదు. బిడ్డ పేగుల్లో, నోట్లో ఎప్పుడూ ఉండేదే పలచబడిన పొరను దాటి రక్తంలోకి వెళ్తుంది, కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయే స్థితి రావచ్చు.

సీబీపీ (రక్త కణాల లెక్క చూపే పరీక్ష) రిపోర్టు చేతికి వచ్చినప్పుడు న్యూట్రోఫిల్స్ సంఖ్యను మీరే లెక్కగట్టడం నేర్చుకోండి. టోటల్ కౌంట్‌ను, అంటే మొత్తం తెల్ల కణాల సంఖ్యను, న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగిస్తే వచ్చేదే ఏఎన్‌సీ. కొన్ని ల్యాబుల రిపోర్టులో న్యూట్రోఫిల్స్ బదులు పాలిమార్ఫ్స్ అని ఉంటుంది. టోటల్ కౌంట్ 1,200, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే ఏఎన్‌సీ 240. ఇది 500 కంటే తక్కువ ఉన్నా, ఆ లోపుకు పడిపోయే రోజులు దగ్గరపడినా ప్రమాద కాలమే. అయితే కౌంట్ బాగుందన్న ధైర్యంతో జ్వరాన్ని ఇంట్లో చూసుకోకూడదు. కీమో ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద అమర్చే పోర్ట్ గానీ చేతి నరంలో ఉంచే పిక్ లైను గానీ ఉన్న బిడ్డకు ఆ గొట్టంలోనే ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు.

ముందే సిద్ధం చేసుకోవలసినవి

నా దృష్టిలో ఆ రాత్రి ఎలా గడుస్తుందన్నది చాలావరకు అంతకు రెండు వారాల ముందే తేలిపోతుంది. ఇందుకు అన్నిటికన్నా విలువైనది ఒక్క పేజీ కాగితం. ఓపీకి వెళ్లిన రోజు మీ ఆంకాలజిస్టును అడిగి, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఈ వివరాలు రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి: జబ్బు పేరు, చికిత్సలో ఏ దశ నడుస్తోంది, చివరి కీమో ఏ తేదీన ఏ మందులతో ఇచ్చారు, బిడ్డ బరువు, ఏ మందు పడదు, పోర్ట్ ఉందా లేదా, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఇవ్వవలసిన యాంటీబయాటిక్ పేరు, డోసు, రాత్రివేళ మాట్లాడగలిగే డాక్టరు నంబరు. చాలా కేంద్రాల్లో ఆ మందు పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ లేదా సెఫెపిమ్ అయి ఉంటుంది. మీ బిడ్డకు ఏదన్నది మాత్రం కాగితం మీదే ఉండాలి. దీని ఫోటో ఇంట్లో పెద్దవాళ్లందరి ఫోన్లలోనూ ఉండాలి. లావుపాటి ఫైలు మొత్తం తిరగేసే తీరిక క్యాజువాలిటీలో ఎవరికీ ఉండదు.

రెండోది, ఏ ఆసుపత్రికి వెళ్లాలన్న నిర్ణయం. ఎంఎన్‌జే, బసవతారకం, నిమ్స్ వంటి హైదరాబాదు ఆసుపత్రులకో, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో గంటలోపు చేరగలిగితే నేరుగా అక్కడికే వెళ్లాలి. అంతకన్నా దూరంలో ఉన్నవాళ్లు రెండు మజిలీల ప్రణాళిక వేసుకోవాలి: మొదటి డోసు దగ్గరి ఆసుపత్రిలో, ఆ తర్వాత ప్రయాణం. కాబట్టి జిల్లా ఆసుపత్రి గానీ పట్టణంలోని పిల్లల ఆసుపత్రి గానీ ఒకటి ఎంచుకుని, బిడ్డ బాగున్న రోజునే అక్కడి పిల్లల డాక్టరును కలిసి కాగితం చూపించి, రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఉంటారా, ఆ యాంటీబయాటిక్ స్టాకు ఉంటుందా, బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీసే సౌకర్యం ఉందా అని మూడు ప్రశ్నలు అడగండి. మేము వెళ్లిన మొదటి చోట మందు లేదన్నారు. రెండు వయల్స్ కొని మా సంచిలోనే పెట్టుకోవడానికి మా ఆంకాలజిస్టు చీటీ రాసిచ్చారు.

తలుపు వెనక కొక్కేనికి తగిలించే సంచిలో ఆ కాగితం జిరాక్సులు, చివరి సీబీపీ, డిజిటల్ థర్మామీటరు, దానికి అదనపు బ్యాటరీ, పోర్ట్ ఉంటే దానికి సరిపడే రెండు హ్యూబర్ సూదులు, మాస్కులు, ఇప్పుడు వాడుతున్న మందులు, ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా రేషన్ కార్డు జిరాక్సులు, రెండు జతల బట్టలు, ఛార్జరు, కొంత నగదు ఉండాలి. ఏటీఎం రాత్రి రెండింటికి డబ్బు ఇస్తుందని నమ్మకండి. ఆటో లేదా కారు నడిపే ఇద్దరితో ముందే మాట్లాడి ఉంచండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవ ఉంది కానీ అది సాధారణంగా దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్తుంది. మీరు ఎంచుకున్నది అదే అయితే మంచిదే, బిడ్డకు ఊపిరి ఆడకపోయినా స్పృహ తప్పినా మాత్రం మరో ఆలోచన లేకుండా 108కే చేయాలి.

మొదటి అడుగు: ఒంటి వేడిని అంకెల్లో చూడటం

నుదుటి మీద చెయ్యి పెట్టి చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. థర్మామీటరు చంకలో పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా కదలకుండా పట్టుకోవాలి. చంకలో వచ్చే అంకె నాలుక కింద వచ్చేదానికన్నా అర డిగ్రీ సెల్సియస్ దాకా తక్కువ ఉండవచ్చు. కాస్త పెద్ద పిల్లలకు, నోటిపూత లేకపోతే, నాలుక కింద పెట్టవచ్చు. వేడివి గానీ చల్లనివి గానీ తాగాక పావుగంట ఆగాలి. మలద్వారంలో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. అక్కడి పొర చిట్లితే ఇన్‌ఫెక్షన్‌కు మనమే దారి తీసినవాళ్లమవుతాము. ఇదే కారణంతో మలబద్ధకానికి ఎనిమాలు, అక్కడ పెట్టే మందులు కూడా వద్దు.

ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, 100.4 అంటే 38 సెల్సియస్ గంటసేపు నిలిచినా జ్వరమేనని ఎక్కువ కేంద్రాలు లెక్కిస్తాయి; ఎన్నో చోట్ల 100.4 ఒక్కసారి కనిపించినా ఫోను చేయమంటారు. మీ కేంద్రం చెప్పిన అంకెను థర్మామీటరు డబ్బా మీద స్కెచ్‌పెన్‌తో రాసి పెట్టుకోండి. చూసిన టైము కూడా రాయండి, ఎందుకంటే ఆసుపత్రిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే.

జ్వరం లేకపోయినా కదలవలసిన సందర్భాలున్నాయి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వాడుతున్న రోజుల్లో జ్వరం పైకి తేలకపోవచ్చు. చేతులు, కాళ్లు చల్లబడటం, చర్మం మచ్చలు మచ్చలుగా పాలిపోవడం, ఊపిరి వేగం పెరగడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, లేపితే తప్ప లేవనంత మగత, పెద్దగా కారణం లేని చిరాకు వీటిలో ఏది కనిపించినా థర్మామీటరు 98 చూపిస్తున్నా బయలుదేరాలి. రొమ్ము ఎముక మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. మూడు నాలుగు సెకన్లు పడుతుంటే రక్తప్రసరణ తగ్గుతోందని అర్థం. పోర్ట్‌ను ఫ్లష్ చేసిన (మందునీళ్లతో కడిగిన) తర్వాత గంటా రెండు గంటల్లో వణుకు వస్తే అది కూడా అత్యవసరమే.

ఆ పది నిమిషాల్లో చేయకూడనివి

మా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. థర్మామీటరు 101.2 చూపించింది, మా అమ్మ "పొద్దున్నుంచి ఎండలో ఆడింది, అందుకే" అంది, నేను పారాసెటమాల్ సిరప్ పోశాను, గంటలో 99కి దిగింది, అందరం పడుకున్నాము. తెల్లవారి ఐదింటికి దాని పాదాలు పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. పారాసెటమాల్ ఇన్‌ఫెక్షన్‌ను ఏమీ చేయదు, మనకు కనిపించే ఒకే ఒక గుర్తును దాచేస్తుంది. కాబట్టి డాక్టరుతో మాట్లాడకముందు అది ఇవ్వవద్దు. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ అసలే వద్దు. అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, అప్పటికే తక్కువగా ఉన్న బిడ్డకు రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి "ఒక సూది వేయించి, ఒక సెలైన్ ఎక్కించుకుని" రావడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకు పిరుదులో వేసే ఇంజెక్షన్ లోపల రక్తం గూడుకట్టేలా చేస్తుంది, ఆ రక్తం మీద ఇన్‌ఫెక్షన్ చేరవచ్చు. ఆయన మీద గౌరవం ఉండవచ్చు, కష్టకాలంలో ఎన్నోసార్లు ఆదుకుని ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆయన బండి మీద బిడ్డను ఆసుపత్రికి చేర్చమని అడగండి, అంతే.

ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు కూడా వేయవద్దు. కల్చర్ తీయకముందు అరకొర డోసు పడితే ఏ క్రిమి అన్నది తేలకుండా పోతుంది.

ఫోను, ప్రయాణం

ఫోను చేసిన వెంటనే మొదటి వాక్యంలోనే విషయం చెప్పేయాలి: "మా అమ్మాయికి ఏఎల్ఎల్, చివరి కీమో ఫలానా తేదీన, ఇప్పుడు చంకలో 101.1, పోర్ట్ ఉంది, అరగంటలో ఫలానా ఆసుపత్రికి చేరతాము." ఫోను ఎత్తకపోతే ఎదురుచూస్తూ కూర్చోవద్దు, దారిలో మళ్లీ చేయవచ్చు. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికొకసారి వాడే మెయింటెనెన్స్ దశలో (చికిత్సలో చివరిదైన దీర్ఘ దశ) ఉంటే ఆ రాత్రి మాత్ర వేయాలా ఆపాలా అన్నది కూడా అప్పుడే అడగండి. జ్వరంలో వీటిని తరచుగా ఆపుతారు కానీ ఆ నిర్ణయం వారిది. బిడ్డ తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వవచ్చు. మాస్కు వేసి, బస్సు కాకుండా వేరే వాహనంలో తీసుకెళ్లండి.

క్యాజువాలిటీలో

ఓపీ చీటీ క్యూలో నిలబడవద్దు. ఒకరు చీటీ రాయించుకుంటుంటే మరొకరు బిడ్డను ఎత్తుకుని నేరుగా లోపలికి వెళ్లి, "కీమోథెరపీలో ఉన్న బిడ్డ, జ్వరం, కౌంట్లు తక్కువ" అని కాగితం చేతికివ్వాలి. ఆసుపత్రి గడప దాటిన గంటలోపు నరంలోకి మొదటి యాంటీబయాటిక్ పడాలన్నది అంతటా పాటించవలసిన లక్ష్యం. సీబీపీ రిపోర్టు వచ్చేదాకా ఆ మందును ఆపవలసిన పని లేదు. బ్లడ్ కల్చర్‌ను మందుకు ముందు తీయడం మంచిది, పోర్ట్ ఉంటే దానిలోంచి కూడా తీయాలి. అక్కడ కల్చర్ సీసాలు లేకపోతే వాటి కోసం మందు ఆలస్యం కాకూడదు. పోర్ట్‌కు సూది పెట్టడం తెలిసిన నర్సు లేకపోతే బలవంతంగా ప్రయత్నించనివ్వకండి, చేతి నరానికి కాన్యులా (సన్నని గొట్టం) పెట్టి మొదలుపెట్టమనండి. గత కొద్ది వారాల్లో స్టెరాయిడ్లు వాడి ఆపి ఉంటే ఆ సంగతి చెప్పండి. ఒళ్లు తన స్టెరాయిడ్‌ను తాను తయారు చేసుకోలేని స్థితిలో బీపీ పడిపోతే హైడ్రోకార్టిసోన్ ఇవ్వవలసి రావచ్చు.

రెండోసారి మేము ఇలాగే వెళ్లాము. డ్యూటీలో ఉన్నావిడ కొత్తగా చేరిన డాక్టరు. జ్వరానికి ఇంజెక్షన్ రాయడానికి పెన్ను ఎత్తి, నేను కాగితం ముందు పెట్టగానే ఆగి, రెండుసార్లు చదివి, "ఇంత చిన్న పాపకు ఈ డోసు నేను ఎప్పుడూ ఇవ్వలేదండీ" అని నిజాయితీగా చెప్పి, కాగితం మీది నంబరుకు తన ఫోను నుంచే చేశారు. మూడు నిమిషాలు మాట్లాడారు. ఇంట్లో జ్వరం చూసింది 11:40కి, మందు నరంలోకి దిగడం మొదలైంది 12:50కి. ఆ డాక్టరును నిలదీసి ఉంటే ఇంకో అరగంట పోయేదని ఇప్పటికీ అనుకుంటాను. "మీకు తెలియదు" అనే మాట కంటే "మా మేడం లైన్లో ఉన్నారు, ఒక్కసారి మాట్లాడండి" అనే మాట వెయ్యి రెట్లు పని చేస్తుంది.

మందు పడ్డాక బీపీ, నాడి, మూత్రం నిలకడగా ఉన్నాయని డాక్టరు చెప్పిన తర్వాతే పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి. ఎన్ని గంటలకు ఏ మందు ఎంత ఇచ్చారో రాయించుకోకపోతే అక్కడ మళ్లీ మొదటికి వస్తుంది.

చేరిన తర్వాత

కనీసం రెండు రోజులు ఉండవలసి వస్తుందని మనసును సిద్ధం చేసుకోండి. జ్వరం తగ్గి, కల్చర్‌లో ఏమీ పెరగక, ఏఎన్‌సీ పుంజుకుంటున్న సూచన కనిపిస్తే పంపించేస్తారు. నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే ఫంగస్ మందు మొదలుపెట్టడం, ఛాతీ సీటీ తీయడం మామూలే. చికిత్స విఫలమైందని దానికి అర్థం కాదు. రోజూ స్నానం లేదా ఒళ్లు తుడవడం చేయించేటప్పుడు నోటి లోపల, చంకలు, మలద్వారం చుట్టూ, పోర్ట్ చుట్టూ కళ్లతో చూసి, నొప్పి అన్న చోటును రౌండ్స్‌లో చెప్పండి. పిల్లలు సిగ్గుపడి దాచేవి డాక్టరు కంటే ముందు మనకే కనిపిస్తాయి.

ప్లేట్‌లెట్లు ఎక్కించవలసి వస్తే దాతల వేట మొదలవుతుంది. ప్లేట్‌లెట్లకు నిల్వ ఐదు రోజులే కాబట్టి ఎప్పుడూ సిద్ధంగా దొరకవు. బిడ్డ గ్రూపువారిలో నలుగురైదుగురి పేర్లు ముందే రాసి పెట్టుకుని, ఎస్‌డీపీ (ఒక్క దాత నుంచే మిషనుతో తీసే ప్లేట్‌లెట్లు) ఇవ్వడానికి గంటన్నర రెండు గంటలు మిషను మీద ఉండాలనీ, రెండు మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదనీ వారికి చెప్పి ఉంచండి. మూలుగ మార్పిడి అవసరం పడవచ్చని డాక్టరు అన్న పిల్లలకు సొంత అన్నదమ్ములు, తల్లిదండ్రుల వంటి రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకపోవడమే మంచిది. ఈ సంగతి తెలియక ప్రేమతో ముందుకు వచ్చే బాబాయిలను నెమ్మదిగా వారించవలసి వస్తుంది.

ఖర్చు సంగతి: తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సరు చికిత్స ఉంది. రాత్రి చేరినా తెల్లవారగానే ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను కలిసి అత్యవసర అనుమతి అడగండి. పథకం వర్తించని చోట కట్టిన ప్రతి బిల్లూ ఒరిజినల్‌గానే దాచండి, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టాలంటే అవే కావాలి.

జ్వరం కాని ఇతర అత్యవసరాలు

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకూడదు. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని గడియారం చూస్తూ పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. ఆగకపోయినా, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు కొత్తగా పుట్టినా, మలం తారులా నల్లగా వచ్చినా బయలుదేరండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు తలకు దెబ్బ తగిలితే బిడ్డ లేచి ఆడుకుంటున్నా సరే చూపించాలి.

ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టి, టైము చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, నోట్లో ఏదీ పెట్టకూడదు. ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు నడుస్తున్న వారాల్లో తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక వైపు చెయ్యి బలహీనపడటం మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. అదే మందుతో క్లోమం వాస్తే పొట్ట పై భాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, ఆగని వాంతులు వస్తాయి. కౌంట్లు పడిపోయిన రోజుల్లో కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, విరేచనాలు కలిసి వస్తే పేగు వాపు అనుమానించాలి. దాన్ని "అజీర్తి" అని వాము నీళ్లతో సరిపెట్టకండి. జబ్బు తెలిసిన తొలి రోజుల్లో బిడ్డ వెల్లకిలా పడుకోలేక కూర్చునే నిద్రపోతున్నా, ముఖం, మెడ వాచినా ఛాతీలో గడ్డ ఊపిరి గొట్టాన్ని నొక్కుతుండవచ్చు. అలాంటి బిడ్డను పడుకోబెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇంకొకటి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లోనో పక్కింట్లోనో బళ్లోనో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, అమ్మవారు అని మాట్లాడకుండా ఊరుకోవడం, మందులు వద్దనడం ఉంది. ఆనవాయితీని ఎవరి ఇంట్లో వారు పాటించుకోవచ్చు, కానీ కీమోలో ఉన్న బిడ్డ ఆ మనిషి దగ్గర కూర్చున్న సంగతి అదే రోజు డాక్టరుకు తెలియాలి. రక్షణ ఇచ్చే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత బాగా పనిచేస్తుంది. తట్టు విషయం కూడా అంతే. పల్స్ పోలియో ఆదివారం నాడు చుక్కలు వేసేవారు ఇంటికి వచ్చినప్పుడు ఈ బిడ్డకు వేయించవద్దు. తమ్ముడికో చెల్లికో చుక్కల బదులు ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా వేయించే విషయం డాక్టరును అడగండి.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ సమ్మరీలో తర్వాతి కీమో తేదీ, ఆపిన మాత్రలు మళ్లీ ఎప్పుడు ఏ డోసుతో మొదలుపెట్టాలి, మళ్లీ సీబీపీ ఎప్పుడు అన్న మూడూ ఉన్నాయో లేదో వార్డు వదలకముందే చూసుకోండి. ఏ యాంటీబయాటిక్‌కు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయో కూడా అందులో రాయించండి. ఆ సాయంత్రమే సంచి దించి, వాడిన హ్యూబర్ సూది స్థానంలో కొత్తది, ఖర్చయిన నగదు స్థానంలో నగదు పెట్టి, పాత కాగితం మీద చివరి కీమో తేదీ, బిడ్డ బరువు మార్పించుకోవాలని తర్వాతి ఓపీ రోజు కింద క్యాలెండరులో రాసి, సంచిని మళ్లీ తలుపు వెనక కొక్కేనికి తగిలించండి.